కామిక్ కథారచన – ఆరవ పాఠం: సైడ్‌కిక్‌కు పని కల్పించడం

గత పాఠంలో మీరు ఒంటరి సూపర్‌హీరోతో రెండు పేజీల స్క్రిప్టు రాశారు. దానిని ఇప్పుడు ఎదురుగా పెట్టుకోండి. ఆ పేజీలలోకే ఈసారి ఒక సైడ్‌కిక్‌ను, అంటే హీరో వెన్నంటి ఉండే సహచరుణ్ణి తీసుకువస్తాము. అతని వల్ల పేజీలో ఏ పని జరుగుతున్నదో చెప్పలేనప్పుడు అతణ్ణి సృష్టించకపోవడమే మేలని నా నమ్మకం.

డిటెక్టివ్ కామిక్స్ 1939 మే సంచికలో తొలిసారి కనిపించిన బ్యాట్‌మన్ దాదాపు ఏడాదిపాటు ఒంటరిగానే నేరస్థులను వేటాడాడు. 1940 ఏప్రిల్ సంచికలో రాబిన్ అతనికి తోడయ్యాడు. ఆ కథలు రాసిన బిల్ ఫింగర్ దీనికి చెప్పిన కారణం రచయితలందరూ గుర్తుంచుకోదగినది: షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్ ఉన్నాడు గాని, బ్యాట్‌మన్‌కు మాట్లాడటానికి ఎవరూ లేరు, అతడు ఎంతసేపూ తనలో తానే ఆలోచించుకోవడం విసుగు పుట్టించేది.

సహచరుని మొదటి పని ఇదే: హీరోకు మాట్లాడే తోడు కావడం. ఈ మాటను మీ స్క్రిప్టు మీద ప్రయోగించి చూడండి. హీరో మూసిన తలుపు ముందు నిలబడి, ఆలోచన బెలూన్‌లో, అంటే పాత్ర మనసులోని మాటను చూపే బుడగలో, “తాళం లోపలి నుంచి వేశారు” అనుకున్నాడనుకుందాము. పాఠకునికి సమాచారం అందింది, అంతే. అదే చోట సహచరుడు “తాళం లోపలి నుంచి వేశారు, మనం కిటికీ నుంచి వెళ్దాం” అని, హీరో “వద్దు, మనం అలా వస్తామనే వాళ్లు చూస్తున్నారు” అంటే, అదే సమాచారంతోపాటు ఒకరి తొందర, మరొకరి అనుభవం, ఇద్దరి మధ్య ఉన్న చనువు కూడా బయటపడతాయి. అయితే సహచరుణ్ణి ప్రశ్నలు అడిగే యంత్రంగా మార్చకండి. అతడు పొరపడాలి, ఎదురు చెప్పాలి, అప్పుడప్పుడు హీరో కంటే ముందే నిజాన్ని కనిపెట్టాలి.

రెండవ పని మరింత కష్టమైనది: సహచరునికి తనదైన దారి ఉండాలి. మొదటి రాబిన్ అయిన డిక్ గ్రేసన్ 1984లో ఆ వేషాన్ని వదలి నైట్‌వింగ్‌గా మారి నిలబడగలిగాడు. అతని స్థానం కోసం అంతకుముందే, 1983లో పరిచయమైన జేసన్ టాడ్‌కు మాత్రం మొదట సర్కస్ కుటుంబమూ, తల్లిదండ్రుల హత్యా, అంటే దాదాపు డిక్ కథే ఇచ్చారు. తరువాత అతని గతాన్ని మార్చి, వీధుల్లో పెరిగిన దుడుకు కుర్రవాడిగా తిరిగి రాసినా చాలామంది పాఠకులు అతణ్ణి ఆదరించలేదు. 1988లో అతడు బతకాలా వద్దా అన్నది ప్రచురణకర్తలు టెలిఫోన్ ఓటుకు పెట్టగా, చావాలని 5,343, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. తేడా 72 మాత్రమే. పాఠకుల క్రూరత్వాన్ని నిందించడం తేలిక గాని, నకలుగా పుట్టించిన పాత్ర మీద మమకారం కలగకపోవడంలో రచయితల బాధ్యతే ఎక్కువని నేను భావిస్తాను.

వీడియో గేమ్‌కు రాసేవారు ఇక్కడ ఒక మార్పు గమనించాలి. గేమ్‌లో హీరో స్థానంలో ఆటగాడే ఉంటాడు కనుక, సహచరుడు చేసే ప్రతి తప్పుకూ మూల్యం చెల్లించేది ఆటగాడే. 1992లో వచ్చిన సోనిక్ 2లో టెయిల్స్ ఎన్నిసార్లు పడిపోయినా మళ్లీ ఎగిరి వస్తాడు, సోనిక్‌కు ఏ నష్టమూ ఉండదు. పైగా రెండవ కంట్రోలర్ పట్టుకున్న తమ్ముడో చెల్లెలో అతణ్ణి ఆడించవచ్చు. 2013 నాటి బయోషాక్ ఇన్ఫినిట్‌లో శత్రువులు ఎలిజబెత్ జోలికి రారు, ఆమె మాత్రం తూటాలు అయిపోయే వేళకు ఆటగాడికి విసిరి అందిస్తుంది. సహచరుడు ఆటగాడికి భారం కాకుండా చూసే ఈ పద్ధతికి గొప్ప మినహాయింపు 2001లో వచ్చిన ఇకో: అందులో యోర్డా అనే అమ్మాయి చేయి పట్టుకుని నడిపించడం, నీడలు ఆమెను లాక్కుపోకుండా కాపాడటమే ఆట. భారాన్ని మోయించదలచుకుంటే ఆటంతా దాని చుట్టూనే కట్టాలి.

అభ్యాసం: మీ రెండు పేజీలలో ఉన్న ఆలోచన బెలూన్లన్నిటినీ కొట్టివేసి, సహచరునితో సంభాషణగా తిరిగి రాయండి. రెండవ పేజీలో అతడు హీరో మాట కాదని ఒక నిర్ణయం తీసుకోవాలి, దాని ఫలితం చివరి ప్యానెల్‌లో, అంటే చివరి బొమ్మ గడిలో కనిపించాలి. ఆ తరువాత అతణ్ణి తొలగించి పేజీలను మళ్లీ చదవండి; కథ చెక్కుచెదరకుండా సాగితే, ఆ నిర్ణయాన్ని మార్చి మరొకసారి రాయండి. వచ్చే పాఠంలో ఈ స్క్రిప్టుకే ప్రతినాయకుణ్ణి చేరుస్తాము.