ధమనులు బిరుసెక్కడాన్ని బీపీ అంకెలలో ఎలా గుర్తించాలి, ఏం చేయాలి

వందకు వయసు కలిపితే వచ్చే అంకె వరకు పై బీపీ ఉండవచ్చునన్న లెక్క ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. దానిని మరచిపోవడం మంచిది. వయసుతో పాటు పై అంకె పెరగడం తరచుగా కనిపించే మార్పే అయినా, దాని వెనుక ధమనుల బిరుసుదనం ఉంటుంది, అది హాని చేస్తుంది. బిరుసుదనాన్ని ఇంట్లో నేరుగా కొలవలేము కానీ, బీపీ యంత్రం చూపే రెండు అంకెలను, అంటే గుండె ముడుచుకున్నప్పటి పై అంకెను, వదులైనప్పటి కింది అంకెను కలిపి చదివితే దాని జాడ తెలుస్తుంది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ, దాని నుంచి బయలుదేరే అతిపెద్ద ధమని అయిన బృహద్ధమని కొద్దిగా ఉబ్బి, వచ్చిన రక్తంలో కొంత తనలో నిలుపుకొని, గుండె వదులయ్యే సమయంలో మళ్లీ ముడుచుకుంటూ దానిని ముందుకు నెడుతుంది. ఈ సాగే గుణం గోడ మధ్యపొరలో ఉండే ఎలాస్టిన్ పోగులది. శరీరం వాటిని ప్రధానంగా గర్భంలోనూ బాల్యంలోనూ తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత తెగిన పోగుల స్థానంలో సరైనవి దాదాపు రావు. నిమిషానికి 70 సార్లు చొప్పున ఏడాదికి 3.6 కోట్లకు పైగా సాగి ముడుచుకునే ఆ పోగులు దశాబ్దాలు గడిచేకొద్దీ చిట్లిపోయి, భారం బిరుసైన కొల్లాజెన్ మీద పడుతుంది. రక్తంలోని చక్కెర ఆ కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేస్తుంది, మధ్యపొరలో కాల్షియం కూడా చేరుతుంది. అందుకే మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఈ మార్పు ముందే వస్తుంది. లోపలి పొరలో కొవ్వు పేరుకొని దారి ఇరుకయ్యే జబ్బు వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కానీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉన్నంత మాత్రాన ధమనులు మెత్తగా ఉన్నట్టు కాదు.

బృహద్ధమని సాగనప్పుడు పై అంకె పెరుగుతుంది. సుమారు 50, 60 ఏళ్లు దాటాక కింది అంకె తగ్గడం మొదలవుతుంది. కింది అంకె తగ్గిందని సంతోషించేవారున్నారు, తొందరపాటే. రక్తాన్ని బృహద్ధమనిలోకి నెట్టే గుండె గది, అంటే ఎడమ జఠరిక, ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పనిచేసి మందమవుతుంది, అదే సమయంలో గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేది కింది బీపీ ఉండే విరామంలోనే కనుక, పని పెరిగినచోటే సరఫరా తగ్గే ప్రమాదం ఏర్పడుతుంది. మెదడు, కిడ్నీలలోని సన్నని నాళాలకు కూడా గుండె కొట్టుకున్నప్పటి రక్తపు తాకిడి తగ్గకుండా చేరి దెబ్బతీస్తుంది.

కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ, పొగ, వ్యాయామం మానాలి. మూత్ర విసర్జన చేసి, వీపుకు ఆనుడు, పాదాలకు నేల ఉండేలా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చొని, దుస్తులు లేని చేతికి గుండె ఎత్తులో పట్టీ కట్టాలి. చేతికి చిన్నదైన పట్టీ ఎక్కువ అంకె చూపుతుంది. ఉదయం, సాయంత్రం నిమిషం వ్యవధితో రెండేసి సార్లు, వారం పాటు కొలిచి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటికి సగటు తీయాలి. ఇంటి సగటు 135/85 లేదా అంతకు మించితే రక్తపోటు ఉన్నట్టు అనుమానించాలి.

ఆ తర్వాత పై సగటు నుంచి కింది సగటును తీసివేయాలి. ఈ తేడాను పల్స్ ప్రెషర్ అంటారు. 122/80 ఉన్నవారికి అది 42, సాధారణమే. 156/70 ఉన్నవారికి 86. పెద్ద వయసులో 60 దాటిన తేడా పదే పదే వస్తే వైద్యుడికి చూపించాలి. అయితే బృహద్ధమని కవాటం లీకు, రక్తహీనత, థైరాయిడ్ అతిగా పనిచేయడం కూడా ఈ తేడాను పెంచుతాయి కనుక, కారణం తేల్చడం వైద్యుడి పని. అవసరమైతే మెడ, గజ్జల దగ్గర నాడి అల వేగాన్ని, అంటే గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే అల ధమనుల వెంట సాగే వేగాన్ని కొలుస్తారు; సెకనుకు 10 మీటర్లు దాటితే బృహద్ధమని బిరుసెక్కినట్టు లెక్క. ఈ పరీక్ష అందరికీ అవసరం లేదు.

తెగిన ఎలాస్టిన్‌ను తిరిగి తెచ్చే మందు లేదు. కానీ బీపీ తగ్గితే గోడ తక్కువ సాగుతుంది, కొల్లాజెన్ మీది భారంలో కొంత మిగిలిన ఎలాస్టిన్‌కు మారుతుంది. అందువల్ల మందులు వాడడం వృథా కాదు. 60 ఏళ్లు దాటి, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్నవారిపై జరిగిన షెప్ అధ్యయనంలో, మూత్రం ఎక్కువ చేసే చవక మందుతో మొదలుపెట్టిన చికిత్స వల్ల పక్షవాతం 36 శాతం తగ్గిందని 1991లో వెల్లడైంది. పొగ మానడం, చక్కెరను అదుపులో ఉంచడం, ఉప్పును రోజుకు 5 గ్రాముల లోపు ఉంచడం సరేసరి. వ్యాయామంలో చురుకైన నడక, ఈత, సైకిల్ వంటివి వారానికి 150 నిమిషాలు చేయాలి. ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం ఆ క్షణంలో బీపీని బాగా పెంచుతుంది, అది వద్దు.

మందు మొదలైనా, మోతాదు మారినా నిలబడి కూడా కొలవాలి. కూర్చున్నప్పటి అంకె చూసి, లేచిన 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూసినప్పుడు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, కళ్లు తిరగకపోయినా ఆ అంకెలను వైద్యుడికి చెప్పాలి. మోతాదును సొంతంగా తగ్గించకూడదు.