అల్పపీడనం పడితే కోరీలు గుడ్లు పెడతాయి

మా అత్త మొదటిసారి ట్యాంకులోకి తొంగిచూసి, "ఏటే, జెల్ల పిల్లల్ని అద్దాల పెట్టెలో ఎట్టావు? ఇవెప్పుడు ఎదుగుతాయి, ఎప్పుడు పులుసెట్టుకుంటాం?" అంది. ఆవిడ తప్పేం లేదు. మీసాలున్నాయి, అడుగునే తచ్చాడతాయి, చూపుకి జెల్లే. కాకపోతే ఇది కోరీ, ఇంట్లో అందానికి పెంచుకునే చేప. మూడు అంగుళాలు దాటదు, పుట్టిల్లు దక్షిణ అమెరికా. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటాను. మిషను పక్కనే ట్యాంకు. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది వీటిని పెంచడం మొదలుపెట్టాను.

మనకి కంచు రంగు కోరీ గానీ, అందులోనే తెల్ల రకం ఆల్బినో గానీ తెచ్చుకోండి. నల్లమచ్చల కోరీ అందంగానే ఉంటుంది. పారిస్‌లో 1878లోనే దానిచేత పిల్లలు పెట్టించారు. కానీ అది 22, 24 డిగ్రీల చల్లదనం కోరే చేప, మన మే నెలకి ఉసూరుమంటుంది. షాపువాడు "ఇది కూడా అదే జాతి, అద్దం నాకుతుంది" అని సకర్ ఫిష్ అంటగట్టబోతే వద్దనండి. అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక విసుగొచ్చి చెరువులో వదిలేసేవాళ్లని చూశాను, అంతకంటే పాపం లేదు.

ట్యాంకు రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు చాలు. యాభై లీటర్లు పడుతుంది. అడుగున ఇసుకే వేయాలి, రంగురాళ్లు వద్దు. కోరీ ముక్కు దాకా ఇసుకలో దూర్చి, నోట్లోకి తీసుకుని, మొప్పల్లోంచి వదిలేస్తూ మేత వెతుక్కుంటుంది. గరుకు రాళ్లయితే మీసాలు అరిగిపోతాయి. నేను నాగావళి ఇసుక పిండి జల్లెడతో జల్లించి, బకెట్లో నీళ్లు తేటపడేదాకా, అంటే పదిహేను సార్లైనా, కడిగాను. అంగుళం మందం చాలు. కళింగపట్నం బీచి ఇసుక తేవద్దు, అందులో ఉప్పూ, గవ్వ ముక్కలూ ఉంటాయి. అనుమానమైతే నిమ్మరసం చుక్క వేసి చూడండి, నురగొస్తే పనికిరాదు.

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు పెట్టండి. పెద్ద మోటారు ఫిల్టర్లు పిల్లల్ని లాగేసుకుంటాయి. నీళ్లు నింపాక చేపలు వేయడానికి నాలుగైదు వారాలు ఆగాలి. స్పాంజిలో మంచి బాక్టీరియా ఊరి, పరీక్ష కిట్టులో చేపలకి విషమైన అమ్మోనియా సున్నా కనబడాలి. ఎవరిదైనా పాత ట్యాంకు స్పాంజి పిండిన మురికి నీళ్లు దొరికితే పోయండి, పని తొందరగా అవుతుంది. కుళాయి నీళ్లకి క్లోరిన్ పోవడానికి హైపో చుక్కలు వేస్తాను. మా బోరు నీళ్లకి కుక్కర్లో తెల్లగా పేరుకుంటుంది, అందుకని డాబా మీద పట్టిన వాన నీళ్లు సగం కలుపుతాను. మూత గాలాడేలా, నీళ్లకీ మూతకీ మధ్య రెండంగుళాలు ఖాళీ ఉండేలా చూడండి. కోరీ మధ్యమధ్యలో పైకి దూసుకొచ్చి ఒక గుక్క గాలి మింగి, దాన్ని పేగుల్లోనే పీల్చుకుంటుంది. తిత్లీకి కరెంటు పోయిన రోజుల్లో చెంబుతో నీళ్లెత్తి పోస్తూ కూర్చుంటే, నా పెద్ద కోరీలు బతికాయి.

ఆరు చేపలు తెచ్చుకోండి, ఆడదానికి ఇద్దరు మగవాళ్ల లెక్కన. పక్కనుంచి చూస్తే తేడా తెలీదు, పైనుంచి చూడాలి. ఆడది బొద్దుగా, మగది సన్నగా ఉంటుంది. వలతో పట్టొద్దు. రెక్క ముల్లు వలలో గుచ్చుకుని ఇరుక్కుంటుంది, మన వేలికి దిగితే గుండుసూది దిగినట్టే. మగ్గుతో పట్టాలి.

గుడ్లకి ఆకుల మొక్కలు కొనక్కర్లేదు. ఆక్రిలిక్ ఉన్ని దారం పచ్చది, జానెడు ముక్కలు నలభై, మధ్యలో కట్టి కుచ్చు చేయండి. నూలు దారమైతే కుళ్లిపోతుంది. రంగు దిగకుండా ఒకసారి మరిగించి, పిండి, ట్యాంకులో వేలాడదీయండి. ఇంత చేసినా సగం గుడ్లు అద్దానికే అంటిస్తాయనుకోండి.

ఇక అసలు సంగతి. రెండు వారాలు బాగా మేపాలి: ఎండు మేత, వారానికి మూడుసార్లు ఫ్రీజర్ బ్లడ్‌వార్మ్, అంటే గడ్డకట్టించిన ఎర్ర పురుగులు. ఆడవాటి పొట్టలు గుండ్రంగా అయ్యాక అల్పపీడనం కోసం చూడండి. కళింగపట్నంలో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వస్తే మా వీధిలో అందరూ కొవ్వొత్తులు కొనుక్కుంటారు, నేను బకెట్లు నింపుకుంటాను. సాయంత్రం సగం నీళ్లు తీసి, మూడు డిగ్రీలు చల్లగా ఉన్న నీళ్లు నెమ్మదిగా పోయాలి. గాలి ఒత్తిడి తగ్గడం, చల్లటి నీళ్లు రావడం చూసి వాటికి వానాకాలం వచ్చేసిందనిపిస్తుంది. చాలాసార్లు తెల్లారేసరికి మగవి ఆడదాని వెంట పడుతూ కనిపిస్తాయి. ఆడది మగదాని పొట్ట దగ్గర నోరు ఆనించి, రెండూ ఇంగ్లీషు టీ అక్షరంలా ఒక క్షణం ఆగిపోతాయి. ఆడది పొట్ట కింది రెక్కలు దోసిలిలా మూసి మూడు నాలుగు గుడ్లు పట్టుకుని, అద్దం మీద చోటు వెతికి, అతికించి వస్తుంది. ఇలా మధ్యాహ్నం దాకా. మిషను ఆపేసి చూస్తూ కూర్చున్న రోజులున్నాయి, కస్టమర్లు తిట్టారు కూడా.

అయిపోగానే గుడ్లు తీసేయాలి, లేకపోతే తల్లిదండ్రులే తినేస్తాయి. తడి వేలితో గుడ్డుని కొద్దిగా నొక్కి దొర్లిస్తే ఊడొస్తుంది. నానిన సగ్గుబియ్యం కంటే చిన్నది, కానీ గట్టిది, చితకదు. లీటరు ఐస్‌క్రీం డబ్బాలో అదే ట్యాంకు నీళ్లు పోసి, గుడ్లు వేసి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే మందు లేత నీలం వచ్చేంత కలిపి, గాలి బుడగలొచ్చే ఎయిర్ స్టోన్ పెట్టి ట్యాంకులోనే తేలేయండి. రెండో రోజుకి మంచి గుడ్డు లేత గోధుమ రంగుకి తిరుగుతుంది. తెల్లగా పాలిపోయి బూజు పట్టినదాన్ని వెంటనే సిరంజితో లాగేయాలి, లేకపోతే పక్కవాటికీ అంటుతుంది. నాలుగో రోజుకి పొదుగుతాయి. మొదటి రెండు రోజులూ వాటి పొట్టకి అంటుకున్న సొనే వాటి తిండి, మీరేమీ వేయొద్దు.

నా మొదటి ఎనభై పిల్లల్లో అరవై పోయాయి. ఉడికిన గుడ్డు పచ్చసొన వేశాను, డబ్బా అడుగు జిగురుజిగురుగా అయింది, తెల్లారి చూస్తే తెల్లటి దారప్పోగుల్లా పడున్నాయి. ఆకలికి చచ్చే పిల్లల కంటే అడుగు మురికికి చచ్చేవే ఎక్కువ. ఇప్పుడు ఆర్టీమియానే వేస్తాను, అంటే ఉప్పునీళ్లలో పుట్టే, రొయ్యలాంటి సన్న జీవాలు. మా మరిది రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాడు, అక్కడ వాడేదే ఇది. లీటరు నీళ్లలో ముప్ఫై గ్రాముల కళ్లుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, ఆపకుండా గాలి. మర్నాటికి పొదుగుతాయి. గాలి ఆపి, సీసా అడుగున టార్చి పెడితే నారింజ రంగు పొగలా వెలుగు దగ్గరికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. కిందవి గొట్టంతో లాగి, వాయిల్ గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి, రోజుకి రెండుసార్లు వేయండి. ప్రతి మేత తర్వాతా అరగంటకి అడుగు గొట్టంతో పీల్చి, రోజూ డబ్బాలో సగం నీళ్లు తీసి, పెద్ద ట్యాంకు నీళ్లే పోయండి.

ఆరు వారాలకి గోరంత అవుతాయి. అప్పుడు పెద్దవాటితో కలపొచ్చు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందురోజు మేత ఆపి, కవరుకి ఐదుకు మించి వేయకండి. బెదిరితే కోరీలు ఒంట్లోంచి విషం వదులుతాయి, ఇరుకు కవర్లో అదే వాటిని చంపుతుంది. నీళ్లు నురగ కడితే దారిలోనైనా సరే, ఆగి మార్చాలి. ఆటోలో ఒక సీసా ట్యాంకు నీళ్లు ఒళ్లో పెట్టుకుని వెళ్లేది అందుకే.