ఆఫీసు సాఫ్ట్‌వేర్ బిల్లు ఇలా తగ్గింది (నా అనుభవం)

మా దగ్గర 14 లైసెన్సులూ మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డే (కంప్యూటర్లో వేసుకునే వర్డ్, ఎక్సెల్ కూడా వచ్చే ప్లాన్). ప్రతి నెలా బిల్లు మోతే. ధరల పట్టికలు పక్కపక్కన పెట్టి చూశాను, డిస్కౌంట్ అడిగాను, ఏదీ తేలలేదు.

చివరికి అడ్మిన్ సెంటర్‌లో (లైసెన్సులు చూసుకునే మైక్రోసాఫ్ట్ సైట్) రిపోర్ట్స్, అందులో యూసేజ్ తెరిచి 90 రోజుల వాడకం తీశాను. పేర్లు కనబడకపోతే ముందు సెట్టింగ్స్‌లో ఆ దాపరికం తీసేయాలి. కంప్యూటర్లో ఎక్సెల్, వర్డ్ వాడేది ఆరుగురే! ‘ఇన్ఫో’, ‘బిల్స్’ అనే రెండైతే అసలు మనుషులే కాదు, ఉత్త మెయిల్ ఐడీలు. వాటిని మొదట షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (పలువురు కలిసి వాడే మెయిల్ పెట్టెగా) మార్చి, ఆ తర్వాతే లైసెన్స్ తీశాను. ఈ వరస తప్పొద్దు. షేర్డ్ మెయిల్‌బాక్స్ 50 జీబీ లోపైతే దానికి లైసెన్స్ అక్కర్లేదు. మిగతా ఆరుగురికీ రెన్యువల్ రోజున బిజినెస్ బేసిక్ అనే చౌక ప్లాన్ ఇచ్చాను.

బేసిక్‌లో బ్రౌజర్, మొబైల్ యాప్‌లే ఉంటాయి, మాక్రోలు (ఎక్సెల్ లాంటి వాటిలో పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) నడవవు. మాక్రోల మీద బతికే ఆఫీసులకు ఇది కుదరకపోవచ్చు.