సీజన్‌కి ముందే ట్రాపులు, పొలం పర్మిషన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చెయ్యాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో నక్క, రాకూన్, కొయోటీ (తోడేలు లాంటి జంతువు) ట్రాపింగ్, అంటే ఇనప ఉచ్చులతో పట్టడం, అక్టోబర్ ఆఖర్లో ఓపెన్ అవుద్ది, నీటి ఒడ్డున తిరిగే మస్క్‌రాట్, మింక్ నవంబర్లో, బీవర్ డిసెంబర్ 26 నుంచి. ఇంకా చాలా టైముందిలే అని గ్యారేజీలో ట్రాపుల బకెట్ వైపే చూడం, తీరా సీజన్ వచ్చాక అన్నీ ఒకేసారి మొరాయిస్తాయి. నేనూ మొదటి రెండేళ్ళు అంతే. (ఇండియాలో ఉన్నోళ్ళు మాత్రం ఇవేవీ ట్రై చెయ్యకండి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టంలో ఉచ్చు పెట్టడం కూడా వేట కిందే లెక్క.)

కొత్త ట్రాపుకి రంగు అస్సలు పట్టట్లేదు

ఫ్యాక్టరీ నూనె పోలేదన్నమాట. పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి బట్టల సోడా వేసి అరగంట మరిగించి, కడిగి, బయట మంచులో వానలో ఓ వారం వేలాడదియ్యండి. పల్చగా ఎర్రటి తుప్పు రావాలి, కంగారు పడకండి, రంగు పట్టేది ఆ తుప్పుకే. తర్వాత లాగ్‌వుడ్ పొడి (ఓ చెట్టు చెక్క నుంచి తీసే రంగు) వేసిన నీళ్ళలో గంట ఉడికించి రాత్రంతా అందులోనే వదిలేస్తే నల్లగా వస్తాయి. పొరలు పొరలుగా ఊడే పాత తుప్పు అయితే ముందు వైర్ బ్రష్‌తో రుద్దాల్సిందే.

మైనం తెల్లగా మందంగా పట్టి పెచ్చులూడుతోంది

రంగు వేశాక ట్రాపుని కరిగిన మైనంలో ముంచుతాం, అది వేడెక్కకముందే బయటికి తీసేశారు. ఇనుము కూడా మైనమంత వేడెక్కేదాకా లోపలే ఉంచితే పల్చగా జారిపోద్ది. తడి ట్రాపు ముంచితే మైనం పొంగి మంట మీద పడుద్ది, కాబట్టి ఎండబెట్టి ముంచండి, ఇంటికి దూరంగా చెయ్యండి, గిన్నెకి సరిపోయే మూత పక్కనే పెట్టుకోండి, అంటుకుంటే నీళ్ళు పొయ్యొద్దు, మూత పెట్టి స్టవ్ ఆపెయ్యండి. ఇంకోటి, కోనిబేర్ లాంటి బాడీ గ్రిప్ ట్రాపులకి (కాలిని కాకుండా ఒంటినే పట్టేవి) మైనం వద్దే వద్దు, జారుడెక్కి మీ చేతి మీదే మూసుకుంటాయి. ఇక్కడ అవి నీళ్ళున్న చోటే పెట్టాలి, నేల మీద పెట్టకూడదు.

ట్రాపు పడింది (మూసుకుంది), జంతువు లేదు

అందరూ స్ప్రింగ్‌ని తిడతారు గానీ చాలాసార్లు తప్పు పాన్‌ది, అంటే జంతువు కాలు పెట్టే రేకుది. మరీ లూజుగా ఉంటే ఎలుక తొక్కినా పడుద్ది, లేదా నక్క కాలు పూర్తిగా ఆనకముందే పడుద్ది. పాన్ బోల్టు బిగించుకుంటూ చూడండి. కొయోటీకి రెండు పౌన్ల దగ్గర ఉంటే బాగుంటుంది, గేజ్ లేకపోతే నిండు లీటర్ నీళ్ళ బాటిల్ పాన్ మీద మెల్లగా పెట్టి చూడండి, చేత్తో మాత్రం నొక్కొద్దు. పాన్‌కి తగులుకునే డాగ్ అనే చిన్న ఇనప ముక్క అంచు అరిగిపోయి ఉంటే ఆకురాయితో నున్నగా రాయండి.

ట్రాపుని గుంటలో పెట్టి మట్టి కప్పుతాం, అది లోపల కదులుతుంటే ఇంకో కథ, జంతువు అంచు మీద కాలేస్తే ఊగుద్ది, దానికి డౌటొచ్చి తవ్వి తిరగేసి పోద్ది. అందుకే ఇంటి వెనకాలే గుంట తీసి, నాలుగు మూలలా నొక్కి కదలకుండా కూర్చోబెట్టడం ఇప్పుడే ప్రాక్టీస్ చెయ్యండి.

పొద్దున పైన కప్పిన మట్టి చలికి గడ్డకట్టి ట్రాపు పడలేదు

దీనికి మందు డిసెంబర్లో దొరకదు. ఆగస్టు ఎండలో పొడి మట్టి జల్లెడ పట్టి మూత బకెట్లలో దాచుకోవాలి, అంతే.

ట్రాపే మాయం

చైన్‌ని నేలకి పట్టి ఉంచే మేకు ఊడొచ్చింది, లేదా చైన్‌లో ఎస్ హుక్ తెరుచుకుంది, లేదా చైన్ మెలికపడకుండా తిరిగే స్వివెల్ తుప్పుతో బిగుసుకుపోయి చైన్ మెలికపడి తెగింది. ప్రతి చైన్ కాలితో తొక్కిపెట్టి గట్టిగా లాగి చూడండి, ఇసక నేలైతే రెండు మేకులు అడ్డంగా దిగ్గొట్టండి. పేరూ అడ్రసూ ఉన్న ట్యాగ్, లేదా రాష్ట్ర గేమ్ కమిషన్ (వేట రూల్స్ చూసే ఆఫీసు) ఇచ్చిన నంబరు ట్యాగ్, ప్రతి ట్రాపుకీ ఉండాలి.

ఆసామి వద్దన్నాడు

పైవన్నీ ఓ వారాంతంలో సరిచేసుకోవచ్చు, ఇది కుదరదు. అక్టోబర్లో వెళ్తే అప్పటికే జింకల వేటగాళ్ళు ఆ పొలం మాట్లాడేసుకుని ఉంటారు. జులై, ఆగస్టుల్లో వెళ్ళండి, పాలు పితికే టైములో కాకుండా. పేరు, ఫోన్, బండి నంబరు రాసిన కాయితం ఇవ్వండి. కుక్క పడితే ఎట్లా అని తప్పకుండా అడుగుతారు, కుక్క తిరిగే వైపు పెట్టనని ముందే చెప్పండి, నిలబెట్టుకోండి. 36 గంటలకోసారి చూడాలని రూల్, నేనైతే రోజూ పొద్దున్నే వస్తానని చెప్తా. నీకేమైనా దెబ్బ తగిలితే నా మీద కేసేస్తావా అన్నది ఇంకో భయం, దానికి 1966 నాటి రాష్ట్ర చట్టం ఉంది, ఫీజు తీసుకోకుండా రానిచ్చిన ఆసామికి అది చాలావరకు రక్షణ ఇస్తుంది. అందుకే డబ్బులిస్తానని మాత్రం అనకండి. నేను సీజనయ్యాక ఓ డబ్బా సున్నుండలు ఇచ్చొస్తా, ఆ ముసలాయన ఇప్పుడు నా కంటే వాటి కోసమే ఎదురుచూస్తాడు.

పర్మిషన్ ఉన్నా గొడవైంది

చెట్ల మీద నిలువుగా ఊదా రంగు గీతలు కనిపిస్తే అడవోళ్ళ గుర్తులనుకోకండి, 2020 నుంచి ఈ రాష్ట్రంలో చాలా కౌంటీల్లో అది లోపలికి రావొద్దన్న బోర్డుతో సమానం. నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో, కనీసం 8 అంగుళాల పొడవుంటుంది. కౌంటీ పార్సిల్ మ్యాప్ (ఏ పొలం ఎవరిదో చూపేది) ఫోన్‌లో పెట్టుకుని హద్దులన్నీ ఓసారి నడిచి చూడండి. ఇంకా ముఖ్యం, దున్నుతున్నాయనే ఓనర్ అనుకోకండి. నాకు సరేనన్నాయన కౌలుకి చేసుకుంటున్నాడట, అసలు ఓనరమ్మ వేరే ఊళ్ళో ఉంటుందట, సీజన్ రెండో రోజు ఆవిడ ఫోన్ చేస్తే చీకట్లో టార్చ్ పట్టుకెళ్ళి ఆరు ట్రాపులూ పీక్కొచ్చా.