నొప్పి ప్యాచ్ ఒంటి మీద నిలవాలంటే

కేన్సర్ నొప్పికి నాన్న ఒంటి మీద అంటించిన రెండో మందు ప్యాచ్ మే నెలలో ఒక రాత్రి ఊడిపోయింది. మాకు తెలిసింది మర్నాడు మధ్యాహ్నం, అదీ నొప్పి మళ్ళీ మొదలై ఆయన మంచం పట్టెను పిడికిలితో పట్టుకున్నాక. చొక్కా విప్పి చూస్తే ఛాతీ మీద నలుచదరంగా ఎర్రటి గుర్తు ఉంది, ప్యాచ్ లేదు. వెతగ్గా వెతగ్గా దుప్పటి మడతలో దొరికింది, అంచుల చుట్టూ నూలు పోగులు అంటుకుని, మధ్యలో ఒక తెల్ల వెంట్రుకతో. ఆ దుప్పటి మీదే పొద్దున్న మా నాలుగేళ్ళ పాప తాతయ్య పక్కన పడుకుని ఆడుకుంది. అది ఫెంటనిల్ ప్యాచ్. మోర్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైన మందు. పిల్ల చేతికో వీపుకో అంటుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతాయి.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దునున్న పర్లాకిమిడి. ఇక్కడ వేసవి ఎలా ఉంటుందో ఈ పక్కవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొద్దున్న ఎనిమిదికే బనీను వీపుకి అతుక్కుపోతుంది, కరెంటు పోతే ఇక చెమట కారడమే. కేన్సర్ వైద్యానికి మా వాళ్ళలో కొందరు బరంపురం, కటక్ వెళ్తారు, కొందరు పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ పోతారు. ఎక్కడికెళ్ళినా ప్యాచ్ ఎలా అంటించాలో చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోతుంది, మా విషయంలో అది ఒరియాలో చెప్పారు, పెట్టెలో కాగితమేమో చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తర్వాత పద్నాలుగు నెలలు నేనే అంటించాను, ఆ మొదటి నెల తప్పించి మళ్ళీ ఒక్కటీ పూర్తిగా ఊడలేదు. ఎలాగో రాస్తున్నాను, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు ఒకసారి చదవండి.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ ప్యాచో చూసుకోండి. మెడకీ మోకాలికీ డైక్లోఫినాక్ ప్యాచ్ ఇస్తారు, అది నొప్పి ఉన్నచోటే వేస్తారు. సర్పి తగ్గాక మిగిలే మంట నొప్పికి వాడే లిడోకేయిన్ ప్యాచ్ కూడా అంతే, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేస్తారు. ఫెంటనిల్ అయితే మామూలుగా 72 గంటలకొకసారి మారుస్తారు, బ్యుప్రెనార్ఫిన్ 7 రోజులకొకసారి. ఈ రెండూ చర్మంలోంచి రక్తంలోకి వెళ్ళి పనిచేసేవి, కాబట్టి నొప్పి నడుములో ఉంటే నడుం మీదే వేయాలని లేదు. ఈ ఒక్క ముక్క మొదట్లోనే తెలిసుంటే నేను నాన్న నడుం మీద, లేచి కూర్చున్నప్పుడల్లా ముడత పడే చోట, మొదటి ప్యాచ్ వేసేదాన్ని కాదు.

అంచు కొంచెం లేస్తే ఏమవుతుందిలే అనుకోకండి. ప్యాచ్ ఎంతమేర చర్మానికి ఆనుకుని ఉందో అంతమేరే మందు లోపలికి వెళ్తుంది, సగం లేచిందంటే మోతాదు తగ్గినట్టే. మనల్ని మోసం చేసేది ఇంకోటుంది. ఫెంటనిల్ చర్మం కింద కొంత నిలవ ఉండి అక్కణ్ణించి మెల్లగా రక్తంలో కలుస్తుంది, అందుకే మొదటి ప్యాచ్ వేశాక పూర్తిగా పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, తీసేశాక రక్తంలో సగానికి తగ్గడానికి కూడా 17 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే ప్యాచ్ రాత్రి ఊడితే నొప్పి అప్పుడే రాదు, మర్నాడెప్పుడో వస్తుంది. జబ్బు ముదిరిందేమో, మందు చాలడం లేదేమో అని టెన్షన్ పడతాం గానీ చొక్కా ఎత్తి చూడం. నొప్పి హఠాత్తుగా పెరిగితే మొదట ప్యాచ్ ఉందో లేదో చూడండి, ఆ తర్వాతే డాక్టరుకి ఫోను.

చోటు విషయానికొస్తే, చదునుగా ఉండి, ముడత పడని, బట్ట ఒరుసుకోని చోటు కావాలి. ఛాతీ పైభాగం, వీపు పైభాగం, భుజం కింద చేయి పైభాగం, ఇవీ మామూలుగా చెప్పే చోట్లు. బనీను పట్టీ, ఆడవాళ్ళకైతే బ్రా పట్టీ రాసుకునే చోటు వద్దు. బాగా చిక్కిపోయిన మనిషికి పక్కటెముకల మీద వేస్తే ఎముకకీ ఎముకకీ మధ్య పల్లంలో ప్యాచ్ ఆనదు. నాన్నకి మెడ ఎముక కింద నాలుగు వేళ్ళ దూరంలో, కుడివైపు ఒకసారి ఎడమవైపు ఒకసారి, బాగా నిలిచింది. మతి స్థిమితం లేక గీరేసుకునే పెద్దవాళ్ళకి మాత్రం వీపు పైభాగం మంచిది, చేయి అందదు. ప్రతిసారీ చోటు మార్చాలి. బ్యుప్రెనార్ఫిన్ అయితే వేసిన చోట మళ్ళీ వేయడానికి 3 వారాలు ఆగాలి. పుండు, దద్దురు, రేడియేషన్ ఇచ్చిన చర్మం జోలికి పోవద్దు.

ఇక అసలు సంగతి, చర్మాన్ని సిద్ధం చేయడం. నా అనుభవంలో ప్యాచ్ ఊడడానికి నూటికి తొంభై పాళ్ళు కారణం ఇక్కడే ఉంటుంది. వెంట్రుకలుంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించండి, రేజరు పెట్టొద్దు, గీరుకుపోయిన చర్మంలోంచి మందు ఎక్కువగా లాగుతుంది. తర్వాత ఉత్త నీళ్ళతో కడగాలి. సబ్బు వద్దు, స్పిరిట్ వద్దు, పౌడరు వద్దు, లోషన్ వద్దు. శుభ్రంగా ఉంటే అంటుతుంది కదా అని నేను మొదట్లో సబ్బుతో తోమేదాన్ని, సబ్బు కనబడని పొరలా మిగిలి జిగురుని పట్టనివ్వదని తర్వాత తెలిసింది. నూనె సంగతి ఇంకా కష్టం. మా మేనత్తకి తమ్ముడంటే ప్రాణం, రోజూ సాయంత్రం వచ్చి కొబ్బరినూనె వేడిచేసి వీపూ భుజాలూ పట్టేది. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి, "అత్తా, కాళ్ళకీ పాదాలకీ ఎంత కావాలంటే అంత రాయి, మెడ నుంచి నడుం దాకా మాత్రం చుక్క పడకూడదు" అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, ఆ రోజు నుంచి పాదాలే పట్టేది. బాములు, ఆయింట్‌మెంట్లు కూడా అంతే, ప్యాచ్ దరిదాపుల్లో వద్దు.

కడిగాక మెత్తటి తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు. అద్దాక కూడా పంకా కింద పది నిమిషాలు ఆరనివ్వండి. వేడినీళ్ళ స్నానం చేయించి ఒళ్ళు వెచ్చగా ఉండగానే వేస్తే చెమట పట్టి లేచిపోతుంది, ఒళ్ళు చల్లబడాలి. మాకు బాగా పనికొచ్చింది వేళ మార్చుకోవడం. 72 గంటలంటే సరిగ్గా మూడు రోజులు, పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడితే ఎప్పుడూ ఐదున్నరకే వస్తుంది. ఎండెక్కకముందు, చెమట పట్టకముందు, పాప నిద్రలేవకముందు ఆ పని అయిపోతుంది. మీకు మధ్యాహ్నం మొదలై ఉంటే డాక్టరుని అడిగి మార్చుకోండి, మీ అంతట మీరు ముందుకీ వెనక్కీ జరపొద్దు.

కవరు కత్తిరించేటప్పుడు చివర మాత్రమే కత్తిరించండి, లోపల ప్యాచ్‌కి కత్తెర తగలకూడదు. తెగినది, చిరిగినది వాడకూడదు, మోతాదు తగ్గిద్దామని సగం కోయడం అసలు వద్దు. వెనక పొర ఒక సగం తీసి, జిగురు వైపు వేళ్ళు పెట్టకుండా చర్మం మీద ఆనించి, తర్వాత రెండో సగం లాగేయండి. వెంటనే అరచెయ్యి మొత్తం దాని మీద పెట్టి 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టాలి. వేళ్ళతో అక్కడా ఇక్కడా తట్టడం కాదు, అరచెయ్యే. అరచేతి వెచ్చదనానికే ఆ జిగురు పట్టు తెచ్చుకుంటుంది. గడియారం చూడడం నాకు కుదిరేది కాదు, నాన్న లెక్కపెట్టేవారు. చదువంతా ఒరియా బడిలోనే కాబట్టి ఆయన లెక్కలు ఒరియాలోనే వచ్చేవి, ఏకొ, దుయి, తిని, చారి అని నా అరచేతి కింద ఛాతీ ఎత్తి దించుతూ నెమ్మదిగా తిరిశొ దాకా. నీరసంగా ఉన్న రోజు ఇరవై దగ్గర ఆగిపోతే మిగిలింది నేను పూర్తిచేసేదాన్ని. తర్వాత వేలికొసతో అంచు చుట్టూ ఒకసారి నిమరండి, ఎక్కడా బుడగ ఉండకూడదు. చివర్లో చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కోండి.

ఇంత చేసినా మే, జూన్ నెలల్లో అంచులు లేవొచ్చు. అప్పుడు మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపు తెచ్చి నాలుగు అంచులకీ కిటికీ చట్రంలా అంటించండి, టేపు సగం ప్యాచ్ మీద, సగం చర్మం మీద. లేచాక కాకుండా కొత్తది వేసిన వెంటనే వేసేస్తే ఇంకా మంచిది. దానికీ నిలవకపోతే, సెలైన్ సూది మీద వేసే పారదర్శకమైన పల్చటి ఫిల్మ్ ఉంటుంది, టెగాడెర్మ్ లాంటిది, మీ ప్యాచ్ మీద అది వేయొచ్చో లేదో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి వేయండి. డైక్లోఫినాక్ ప్యాచ్ మీద మాత్రం గాలాడని ఫిల్మ్ వేయకూడదు, మోకాలి మీదైతే వలలాంటి సాగే తొడుగు సరిపోతుంది. ప్లాస్టిక్ కవరు చుట్టడం, క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టడం, ఫెవిక్విక్, సెల్లోటేపు, ఇవేవీ వద్దు. బిగించి కడితే ఆ చోట వేడి పుట్టి మందు ఎక్కువగా దిగుతుంది.

వేడి గురించి గట్టిగా చెప్పాలి. నొప్పిగా ఉందని వేడినీళ్ళ బ్యాగు, హీటింగ్ ప్యాడ్ ప్యాచ్ మీదా దాని చుట్టుపక్కలా పెట్టకండి, ఎండలో కూర్చోబెట్టకండి. జ్వరం వచ్చినా ఇదే ప్రమాదం, ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే రక్తంలో ఫెంటనిల్ దాదాపు మూడో వంతు పెరగొచ్చని లెక్క. జ్వరం తగిలితే డాక్టరుకి చెప్పి మనిషిని కనిపెట్టుకుని ఉండండి. లేపినా లేవనంత మగత, బాగా నెమ్మదించిన ఊపిరి, గొంతులో గురగుర, సూదిమొనంత అయిపోయిన కంటిపాప కనిపిస్తే ప్యాచ్ తీసేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. తీసేశాం కదా తగ్గుతుందిలే అని ఆగొద్దు, చర్మం కింద మందు ఇంకా ఉంటుంది.

స్నానం చేయించొచ్చు, నీళ్ళు పడినా పర్వాలేదు, దాని మీద రుద్దకుండా ఉంటే చాలు. పొద్దున్నా రాత్రీ పడుకోబెట్టేముందు ఒకసారి చూపుతో కాదు, వేలితో అంచు తడిమి చూడండి. ముదురు రంగు చొక్కా తొడిగితే ఊడిన ప్యాచ్ లోపల అంటుకున్నా కనబడదు, నాన్నకి తెల్ల బనీనే వేసేవాళ్ళం. మార్చిన తేదీ, గంట గోడమీద క్యాలెండర్లో రాయండి, ప్యాచ్ మీద పెన్నుతో గీయొద్దు.

అంచు లేస్తే అరచేత్తో మళ్ళీ నొక్కి టేపు వేయండి. పూర్తిగా ఊడితే పాతదాన్ని తిరిగి అంటించే ప్రయత్నం చేయకండి. కొత్తది వేరే చోట వేయాలి, 72 గంటల లెక్క అప్పట్నించి మళ్ళీ మొదలవుతుంది, డాక్టరుకి ఒక మాట చెప్పండి, ఎందుకంటే మీ దగ్గర ఒకటి తగ్గింది. ఈ ప్యాచ్‌లు ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకవు. ఫెంటనిల్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, రోగులకి అందడం తేలికయ్యేలా అత్యావశ్యక నార్కోటిక్ మందులనే జాబితా తెచ్చారు, ఫెంటనిల్ అందులో ఉంది, అయినా మా ఊళ్ళాంటి చోట్ల ఇప్పటికీ దాని కోసం ఒక పూట ప్రయాణమే. అందుకని ఎప్పుడూ ఒకటి రెండు అదనంగా రాయించుకోండి, ఆఖరిది అంటించేదాకా ఆగొద్దు.

వాడేసిన ప్యాచ్‌లో కూడా మందు చాలా మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా రెండుగా మడిచి నొక్కేయండి, కుక్కలూ పిల్లలూ కెలికే చెత్తబుట్టలో పడేయకండి. మాకు మందు ఇచ్చినచోట పాతవి తెచ్చి లెక్క అప్పజెప్పమన్నారు, మడిచిన వాటిని మూతున్న డబ్బాలో పెట్టి బీరువా పై అరలో తాళం వేసి ఉంచేదాన్ని. మీకు ఎలా చెప్పారో అడిగి అలాగే చేయండి. ఎవరికైనా పొరపాటున అంటుకుంటే వెంటనే తీసి, ఆ చోట ఉత్త నీళ్ళతో కడిగి, మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కొత్తది అంటించే ముందు పాతది తీశారా అని ఇంట్లో ఇంకొకర్ని చూడమనండి, ముఖ్యంగా వీపు మీద. మా ఇంట్లో ఆ పని అమ్మది, పాత ప్యాచ్ తన అరచేతిలో పడ్డాకే నన్ను కొత్త కవరు కత్తిరించనిచ్చేది.