లాంబ్డాలన్నీ చివరి బరువునే లెక్కిస్తుంటే

కోవూరులో ధాన్యం వ్యాపారం చేసే మా మేనమామ కోసం పైథాన్‌లో ఒక చిన్న లెక్కల ప్రోగ్రాం రాశాను. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, క్వింటాలు 100, బస్తా 75. ఈ మూడు బరువులనూ ఒక లిస్టులో ఉంచి, ఫర్ లూప్ తిరిగే ప్రతిసారీ "లాంబ్డా ఎన్ని: ఎన్ని * బరువు" అనే పేరులేని ఫంక్షన్‌ను తయారుచేసి మరో లిస్టులో చేర్చాను. లూప్ ముగిశాక మొదటి ఫంక్షన్‌కు 2 ఇస్తే, రెండు పుట్లకు 1700 రావలసిన చోట 150 వచ్చింది. మూడు ఫంక్షన్లూ బస్తా లెక్కే చెబుతున్నాయి.

లాంబ్డా తయారైనప్పుడు "బరువు" విలువను తనలో దాచుకోదు. ఆ పేరును మాత్రమే గుర్తుంచుకుని, తనను పిలిచిన క్షణంలో ఆ పేరు కింద ఏముందో చూస్తుంది. ఫర్ లూప్ ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్‌ను సృష్టించదు కనుక మూడు లాంబ్డాలూ ఒకే పేరును చూస్తాయి, అక్కడ చివరికి మిగిలింది 75. లూప్ లోపలే పిలిచి పరీక్షిస్తే మాత్రం సరైన జవాబే వస్తుంది, అందుకే ఈ తప్పు చాలాకాలం కనబడకుండా ఉంటుంది. అనుమానం ఉంటే, లూప్ తర్వాత "బరువు = 40" అని రాసి మళ్లీ 2 ఇచ్చి పిలిచి చూడండి: మూడూ 80 అంటే కారణం ఇదే. డెఫ్‌తో పేరు పెట్టి రాసిన మామూలు ఫంక్షన్లూ ఇలాగే ప్రవర్తిస్తాయి కనుక లాంబ్డాను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

అందరూ మొదట వాడే సవరణ "లాంబ్డా ఎన్ని, బరువు=బరువు: ఎన్ని * బరువు". ఇలా "=" తర్వాత రాసే డిఫాల్ట్ విలువను (పిలిచేటప్పుడు ఏమీ ఇవ్వకపోతే వాడేదాన్ని) పైథాన్ ఫంక్షన్ తయారయ్యేటప్పుడే లెక్కించి భద్రపరుస్తుంది కనుక ప్రతి లాంబ్డాకూ దాని బరువు దానికి దక్కుతుంది. అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. కిటికీలు, బటన్లు తయారుచేసే పైథాన్ లైబ్రరీ పైక్యూటీలో బటన్ నొక్కినప్పుడు వెలువడే క్లిక్డ్ సిగ్నల్ తనతోపాటు ఫాల్స్ అనే విలువను పంపుతుంది; మీరు "లాంబ్డా బరువు=బరువు" అని మాత్రమే రాసి ఉంటే ఆ ఫాల్స్ బరువు స్థానంలో కూర్చుని లెక్కను సున్నా చేస్తుంది. అటువంటి చోట ఆ విలువను అందుకోవడానికి "బరువు=బరువు"కు ముందు మరో పేరు రాయాలి.

నాకు నచ్చిన పద్ధతి వేరు. బరువును తీసుకుని లాంబ్డాను తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షన్‌ను విడిగా రాసి, లూప్‌లో దాన్ని పిలవాలి. ప్రతి పిలుపుకూ సొంత "బరువు" ఏర్పడుతుంది, బయటివారు దాన్ని మార్చలేరు, ఆరు నెలల తర్వాత చదివినా ఉద్దేశం తెలుస్తుంది. పైథాన్‌తోనే వచ్చే ఫంక్‌టూల్స్‌ మాడ్యూల్‌లోని పార్షియల్ (ఫంక్షన్‌కు కొన్ని విలువలను ముందే బిగించి ఇచ్చేది) కూడా ఈ పని చేస్తుంది. లూప్ బదులు లిస్ట్ కాంప్రహెన్షన్ (లిస్టును ఒకే వాక్యంలో తయారుచేసే పద్ధతి) రాయడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. అక్కడా పేరు ఒక్కటే.

జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌ను వార్ అనే పదంతో ప్రకటించడం వల్ల వచ్చే ఇదే చిక్కును, దాని బదులు వాడేందుకు 2015లో వచ్చిన లెట్ తీర్చింది. గో భాష 2024లో 1.22 వెర్షన్‌తో ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇవ్వసాగింది, కానీ ప్రాజెక్టు వివరాలుండే గో.మాడ్ ఫైలులో 1.22 లేదా అంతకంటే కొత్త వెర్షన్ రాసి ఉంటేనే.