కదిలితే కరెంటు ఇచ్చే బట్ట పనిచేయడం లేదా? ముందు ఇవి చూడండి

ఇలాంటి బట్టలు ముఖ్యంగా రెండు రకాలు. నైలాన్, టెఫ్లాన్ లాంటి పొరలు తాకి విడిపోయినప్పుడు పుట్టే ఛార్జ్‌ను వాడుకునేది ఒకటి. 2012లో జార్జియా టెక్‌లో జోంగ్ లిన్ వాంగ్ బృందం చూపించిన పద్ధతి ఇదే. వంగినా, సాగినా కరెంటునిచ్చే పీవీడీఎఫ్ అనే ఒక రకం ప్లాస్టిక్ పోగులతో నేసేది రెండోది. ఎక్కువ ఇబ్బంది పెట్టేది మొదటిదే, అంటే రాపిడి రకమే కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

సమస్య: ఎంత రుద్దినా మీటర్ సున్నా చూపిస్తోంది.

చాలామంది ఇక్కడే బట్ట పాడైందనుకుని విప్పేస్తారు. దయచేసి తొందరపడకండి. వచ్చేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు కాబట్టి డీసీలో పెట్టిన మీటర్‌కు ప్లస్, మైనస్ కలిసి సున్నా అయిపోతాయి. పైగా మామూలు డిజిటల్ మీటర్ లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లే. బట్ట లోపలి నిరోధం దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు, అందుకే మీటర్ తగిలించగానే వోల్టేజ్ పడిపోతుంది. నాలుగైదు ఎల్ఈడీలను వరుసగా కలిపి, చీకట్లో చేత్తో తట్టి చూడండి. మిణుక్కుమంటే బట్ట బాగున్నట్టే.

సమస్య: ఎల్ఈడీ మెరుస్తోంది, కెపాసిటర్ (ఛార్జ్‌ను నిల్వ చేసే భాగం) మాత్రం నిండడం లేదు.

ముందు బ్రిడ్జ్ రెక్టిఫయర్, అంటే ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల అమరిక, ఉందో లేదో చూడండి. ఉంటే ఈ లెక్క వేసుకోండి. తాకినప్పుడు ఒకసారి, విడిపోయినప్పుడు ఒకసారి 100 నానోకూలంబ్‌ల చొప్పున ఛార్జ్ వస్తోందనుకుందాం. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ 3 వోల్టులకు చేరాలంటే అలాంటివి 300 కావాలి. 1000 మైక్రోఫారడ్‌లది పెట్టి ఉంటే 30,000! అందుకే చిన్నదానితో మొదలుపెట్టండి. ఎలక్ట్రోలిటిక్‌లో లీకేజీ ఎక్కువ, ఫిల్మ్ కెపాసిటర్ మేలు.

ఇంకో మాట, మీటర్‌ను కెపాసిటర్‌కు తగిలించి వదిలేయకండి. సెకనుకు ఒకసారి తాకి విడిపోతే బట్ట ఇచ్చేది సగటున 0.2 మైక్రోఆంపియర్. 3 వోల్టుల దగ్గర మీటర్ ఒక్కటే 0.3 లాగేస్తుంది. అంటే కొలిచే పరికరమే కెపాసిటర్‌ను నిండనివ్వదు. నేను రెండు రోజులు డయోడ్లు మార్చుకుంటూ కూర్చున్నాక గానీ ఈ సంగతి తెలియలేదు.

సమస్య: వేసుకున్న కాసేపటికి తగ్గిపోతోంది.

చెమట, లేదా గాలిలో తేమ. తడి పొర మీదుగా ఛార్జ్ జారిపోతుంది. చల్లని గాలితో బాగా ఆరబెట్టి మళ్లీ తట్టండి. వెలుగు తిరిగి వస్తే కారణం తేమే అన్నమాట. రెండు పొరలనూ కలిపి పల్చటి సిలికోన్ సంచిలో మూసేయండి, కానీ లోపల అవి విడిపోవడానికి కాస్త ఖాళీ ఉండాలి. అతుక్కుపోతే ఏమీ రాదు.

సమస్య: ఉతికాక పూర్తిగా ఆగిపోయింది.

బట్టలో కరెంటును మోసే వెండి పూత పోగు ఒక కొస నుంచి ఇంకో కొసకు నిరోధం కొలవండి. ఉతకకముందు కొలిచి రాసిపెట్టుకుంటే పోల్చుకోవచ్చు. తెగేది ఎక్కువగా మెత్తటి పోగు, వైరు తగిలించే గట్టి బటన్‌ను కలిసే చోట. అక్కడ కొంచెం వదులు ఉంచి మళ్లీ కుట్టండి. సబ్బు జిడ్డు మిగలకుండా జాడించండి, సాఫ్ట్‌నర్ వద్దు. పీవీడీఎఫ్ బట్టనైతే ఇస్త్రీ చేయకండి, వేడికి దాని గుణం పోతుంది.

సమస్య: చేత్తో తడితే వస్తోంది, నడిస్తే రావడం లేదు.

ఛాతీ మీద కుట్టి ఉంటారు. చేయి ఊగుతూ పక్కకు రాసుకునే చోటికి, లేదంటే మడమ కిందికి మార్చండి.